వెలి ఎత్తేసిన రోజు

హార్లింగెన్ రేవు,
1556 అక్టోబరు, మంగళవారం.

దేవుడి దయవల్ల ఇంకా ఎవరి చేతికీ చిక్కకుండా ఎమ్డెన్ పట్నంలో క్షేమంగా ఉన్న మా గెర్లొఫ్ మామయ్య గారికి, మీ మేనల్లుడు వీబె వందనాలు చేసి రాసుకుంటున్నది. ఇక్కడ నేనూ, హిస్కె అక్కా, దాని కూతురు తింకె బతికే ఉన్నాం. మీరూ బతికే ఉన్నారని తలుస్తాను.

అక్క నా పక్కనే కూచుని పాప మేజోళ్ళకి చిల్లులు కుడుతోంది. ఒక్కో వాక్యం రాసి పైకి చదవమంటోంది. దానికి అచ్చుపుస్తకం గడగడా వచ్చు గానీ చేతిరాత చూస్తే చీమలు పాకినట్టుంటుందట. అప్పుడే ఒకసారి నన్ను ఆపింది. బతికే ఉన్నారని తలుస్తాను ఏమిట్రా, మామయ్యకి రాసే మాటేనా అది, కొట్టెయ్ అంది. కొట్టేస్తే కాయితం పాడవుతుందన్నాను. లాటిన్ బడి మధ్యలో ఎగ్గొట్టి పడవల వెంట తిరిగినవాడికి ఇంతకంటే మర్యాద ఎక్కణ్ణించొస్తుందిలే అని తనే సర్దుకుంది.

ఇక అసలు సంగతి. యెల్లె బావ పోయాడు. ఆదివారం తెల్లవారాక, దగ్గు మధ్యలో ఊపిరందక పోయాడు. చర్చి ఆవరణలో చోటివ్వనన్నాడు ఇక్కడి ఫాదిరి. మన సంఘం వాళ్ళూ మొయ్యడానికి రాలేదు. బావతో పాటు పడవలు నడిపే ఇద్దరు తాగుబోతులూ, నేనూ కలిసి సముద్రపు కట్ట వెనక గొయ్యి తీశాం. అక్కడ నీళ్ళూరతాయి. ఎంత తోడినా ఊరతాయి. చివరికి నీళ్ళలోకే దించాం. పడవవాడు కదా, అలవాటేలే అన్నాడు వాళ్ళలో ఒకడు. ఈ ముక్క రాయొద్దంది అక్క. అప్పటికే రాసేశాను.

అక్క మొదటగా చెప్పమన్న మాట ఇది. బావ పోయేలోగా మీరు దయతలిచి వెలి ఎత్తేసినందుకు, మొగుడితో కలిసి కూచుని నాలుగు మెతుకులు తిననిచ్చినందుకు, బతికినన్నాళ్ళూ మీ పేరు చెప్పుకుని ప్రార్థన చేస్తుందట. మీరే ఎమ్డెన్ సంఘంలో ప్రకటించేదాకా ఆ సంగతి బయటపెట్టొద్దన్నారు కదా. అందుకని మనవాళ్ళు శవాన్ని ముట్టుకోకపోయినా నోరు మూసుకుని భరించింది.

రెండో మాట, మీ కబురు వచ్చేదాకా తను ఒక్క పూట కూడా కట్టు తప్పలేదని. అది మాత్రం గట్టిగా రాయమంది. జరిగిందంతా మొదటినుంచీ రాయమంది కూడా. జైళ్ళలో ఉన్నవాళ్ళ ఉత్తరాలు మీరు ఎమ్డెన్‌లో నలుగురి ముందూ చదివిస్తారటగా. ఇదీ చదివిస్తారని దాని ఆశ. అందుకని మీకు తెలిసిన సంగతులే అయినా ఓపిగ్గా వినండి.

పోయిన చలికాలం మీరు మా ఇంట్లో తలదాచుకున్నారు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం మేం బఠాణీ పులుసు తింటుంటే కొత్వాలు భటుల్ని వెంటేసుకుని వచ్చాడు. అక్క మీ గిన్నెలోది కుండలోకి ఒంపేసింది. మీరు పెరటి పాకలోకి పరిగెత్తి, పొయ్యిలోకని బావ పేర్చుకున్న బొగ్గుమట్టి పెళ్ళల గుట్ట వెనక దూరారు. కొత్వాలు పాకలోకి కూడా వచ్చాడు. ఇనప ఊచతో గుట్టని అక్కడా ఇక్కడా పొడిచాడు. మీ చెవి పక్కనుంచే ఊచ పోయిందని తర్వాత మీరే చెప్పారు.

ఏరా పడవోడా, పెద్దయ్యాక మళ్ళీ బాప్తిస్మమంటూ జనాన్ని రెండోసారి నీళ్ళలో ముంచే ఆ బోధకుడు నీ కొంపలో ఉన్నాడంటగా అన్నాడు వాడు. బావ కదా, ఊరుకుంటాడా. నా పడవకి అడుగున చిల్లు దొరా, నేను రోజూ మునుగుతూనే ఉన్నా, ఇంకొకడొచ్చి ముంచడమెందుకు అన్నాడు. భటులు నవ్వారు. కొత్వాలు నవ్వలేదు. అయితే రెండు వేళ్ళెత్తి దేవుడి మీద ఒట్టేసి చెప్పు, వెళ్ళిపోతాం అన్నాడు.

మనవాళ్ళని పట్టడానికి వాళ్ళ దగ్గరున్న వల అదొక్కటే కదా మామయ్యా. మనవాడు ఒట్టెయ్యడు. అబద్ధమాడడు. ఒట్టెయ్యమంటే తల దించుకుంటాడు. తల దించుకున్నవాడి మెళ్ళో తాడేసి తీసుకుపోతారు. అక్క బావ మొహమే చూస్తోంది. తల దించుకుంటాడనే అనుకుందట. బావ వేళ్ళెత్తాడు. వాటికి ఇంకా పులుసు అంటుకుని ఉంది. ఈ ఇంట్లో నా పెళ్ళాం, నా బిడ్డ, ఈ పనికిమాలిన బామ్మర్ది తప్ప ఇంకో పురుగు లేదు, దేవుడి మీద ఒట్టు అన్నాడు.

కొత్వాలు పొట్ట పట్టుకు నవ్వాడు. పదండ్రా, వీడు మనోడే, ఆ జాతి చచ్చినా వేళ్ళెత్తదు అన్నాడు. పోతూ పోతూ మా కుండలో గరిటె పెట్టి పులుసు రుచి చూసి, ఇందులో కాస్త పందిమాంసం పడితేనా అని అక్కకి వంట కూడా చెప్పాడు.

మర్నాడు బావ మిమ్మల్ని పడవ అడుగున పడుకోబెట్టి, పైన బొగ్గుమట్టి పేర్చి సముద్రం దాకా చేర్చాడు. గాలి లేదు. పైన మంచు వాన. కాలవ తలుపుల దగ్గర నీళ్ళు గడ్డకట్టి పడవ ఆగిపోతే, నడుంలోతు దిగి, మంచు పగలగొట్టుకుంటూ, తాడు భుజానికేసుకుని లాగాడు. నేను వెనకనించి గెడ వేస్తూ, నేనూ దిగుతాను బావా అన్నాను. నీకు దగ్గు పట్టుకుంటే మీ అక్క నన్ను ఇంట్లోకి రానివ్వదురా అన్నాడు. దగ్గు ఆయనకే పట్టుకుంది. ఇంట్లోకి రానివ్వకపోవడం కూడా జరిగింది. ఈ చివరి ముక్క అక్కకి చదవకుండా దాటేశాను, కోప్పడుతుందని.

మీరు ఓడెక్కుతూ బావని కావిలించుకుని ఏడ్చారు. ఎందుకంత ఏడ్చాడో మీ మామయ్య, పడవలో పడుకున్నందుకు నడుం నొప్పేమో అన్నాడు బావ వెనక్కొస్తూ.

ఎందుకో చలి తగ్గాక తెలిసింది. ఎమ్డెన్ నుంచి మీ తీర్పు పట్టుకుని తాళ్ళు పేనే సీమెన్, ఇంకో సంఘం పెద్ద వచ్చారు. పొయ్యి ముందు నిలబడే చదివారు, కూచోలేదు. యెల్లె దేవుడి పేరు అబద్ధానికి వాడాడు. పశ్చాత్తాపపడి నలుగురిలో ఒప్పుకునేదాకా సంఘానికి బయటివాడు. ఎవరూ అతనితో కలిసి తినకూడదు, తాగకూడదు, మాట కలపకూడదు. కట్టుకున్న భార్యకైనా ఇదే వర్తిస్తుంది. చదవడం అయ్యాక బావ ఎప్పటిలా బీరు కూజా అందించబోయాడు. వాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. బీరు ఒట్టెయ్యలేదు కదయ్యా, తాగండి అన్నాడు బావ. వాళ్ళు అక్కతోనే వెళ్ళొస్తామమ్మా అని చెప్పి వెళ్ళిపోయారు.

బావ నవ్వుతూ అక్క వైపు తిరిగాడు. అక్క మొహం తిప్పేసుకుంది. అప్పుడు ఆయన నవ్వు ఆగింది. మీరు చూడాల్సింది మామయ్యా. దీపం ఆర్పినట్టు ఆగింది.

అక్క ఇక్కడ రాయమంటోంది, ఆ రోజునుంచే మొదలుపెట్టానని. గోడలో అలమరలా కట్టిన పడకలో తనూ పాపా పడుకునేవాళ్ళు. బావ పెరటి పాకలోకి మారాడు. అన్నం వేళకి అక్క ఆయన గిన్నె గుమ్మం అవతల పీపా మీద పెట్టి, తలుపు మీద రెండుసార్లు కొట్టి లోపలికొచ్చేది. గిన్నె కూడా వేరే. ఆయన తాకిన చెంచా మన చెంచాలతో కలవకుండా మేకుకి వేలాడదీసింది. బావ అప్పుడు కూడా వేళాకోళాలు మానలేదు. గుమ్మం అవతల కూచుని, లోపలి కుటుంబం వారికి నమస్కారం, ఈ పూట రొట్టెలో రాళ్ళు తక్కువగా ఉన్నాయి అని అరిచేవాడు. అక్క వినపడనట్టే తినేది. మింగడం మాత్రం కష్టమయ్యేదట. ఇది రాయొద్దంది, మళ్ళీ రాయమంది.

ఇల్లన్నాక అవసరాలుంటాయి. పొయ్యిలోకి అయిపోయిందనో, పాపకి జ్వరమనో చెప్పాలి. అందుకని అక్క పిల్లికి చెప్పేది. పిల్లీ పిల్లీ, పొయ్యిలోకి అయిపోయింది, పెరట్లోవాళ్ళు తెస్తే బాగుండును అని. బావ పెరట్లోంచి, పిల్లమ్మా, తెస్తున్నానని ఇంటావిడతో చెప్పు, ఆవిడ చేతులు పగిలిపోయాయి, కాస్త వెన్న రాసుకోమని కూడా చెప్పు అనేవాడు. పిల్లితో మాట్లాడ్డం కూడా మాట కలపడమే అవుతుందేమోనని అక్కకి అనుమానమొచ్చి సీమెన్‌ని అడిగింది. అవుతుందన్నాడు. అది కూడా మానేసింది.

పాప ఒకసారి అడిగింది, అమ్మా నాన్న మురికా అని. మురికి కాదు, వెలి అని చెప్పింది అక్క. ఆ తర్వాత తింకె తన గుడ్డ బొమ్మల్లో ఒకదాన్ని గుమ్మం బయట పడేసి తలుపేసుకునేది. ఎందుకే అంటే, ఇది వేళ్ళెత్తింది అనేది. వానకి ఆ బొమ్మ కుళ్ళిపోయింది.

వేసవి మొదలయ్యేసరికి బావ గుడ్డలో రక్తం ఉమ్మడం మొదలెట్టాడు. నేను ఆయన దగ్గర కూచుని చెప్పాను. బావా, నలుగురి ముందు నిలబడి తప్పయిందని ఒక్క ముక్క అను, ఈ పూటే అక్క నీ పక్కన కూచుంటుంది అన్నాను. అంటే ఏమనాలిరా అన్నాడు. ఒట్టేసినందుకు బాధపడుతున్నాను అను అన్నాను. బాధపడట్లేదుగా అన్నాడు. ఒట్టెయ్యకపోతే మీ మామయ్యని కాల్చి ఉండేవాళ్ళు, అలా జరగాల్సింది అని నేను చెప్పాలా, నాకు అనిపించట్లేదురా, అనిపించంది చెబితే అబద్ధమవుతుంది, అబద్ధం చెప్పాననే కదా నన్ను బయట పడేసింది అన్నాడు. అని నవ్వబోతే దగ్గొచ్చింది. ఇంత మట్టి మోసినవాణ్ణి, ఈ ముడి విప్పడం నావల్ల కాదు, మీ మామయ్యనే అడుగు అన్నాడు.

అందుకే నేను మొన్న సెప్టెంబరులో ఎమ్డెన్ వచ్చాను. అక్కడ మీరేమన్నారో మీకు తెలుసు. అయినా అక్క రాయమంటోంది, ఆ మాటలు మళ్ళీ మళ్ళీ వినాలని ఉందట. సరే, నేను అక్కకి చెప్పినవి చెప్పినట్టు రాస్తున్నాను. మీరు చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నారు. లేచి కళ్ళు తుడుచుకున్నారు. నాకోసం చేసిన పాపానికి నేను వాణ్ణి బయట నిలబెట్టాను, దేవుడు నన్ను నిలబెట్టకముందే తలుపు తియ్యాలి, వెలి ఎత్తేశానని హిస్కెతో చెప్పు, వెళ్ళి మొగుడి పక్కన కూచోమను అన్నారు.

ఇది చదివేసరికి అక్క సూది పక్కన పెట్టేసింది. కాసేపాగి రాస్తాను.

ఆ రోజు నేను ఇంటికొచ్చేటప్పటికి అక్క బార్లీ గంజి కలుపుతోంది. గుమ్మంలోంచే చెప్పాను. గరిటె కుండలోనే వదిలేసింది. మామయ్యే అన్నాడా అని అడిగింది. ఆయనే అన్నాడన్నాను. అంతే. మొహం కడుక్కుని తెల్ల టోపీ పెట్టుకుంది. బల్ల మీద పెళ్ళినాటి గుడ్డ పరిచింది. పాకలోకి వెళ్ళి, నేను పట్టుకుంటానన్నా వినకుండా, బావని తనే రెండు చేతులా ఎత్తి తెచ్చింది. పాపని ఎత్తినట్టే ఎత్తింది, అంత తేలికైపోయాడు. కుర్చీలో కూచోబెట్టి, పడిపోకుండా తన శాలువాతో కుర్చీకి కట్టింది. ఒకే గిన్నెలో గంజీ మజ్జిగా పోసి, రెండు చెంచాలు వేసి, పక్కన కూచుంది. తింకె వచ్చి తండ్రిని దూరం నించి చూసి, నాన్న లోపలికొచ్చేశాడు, ఎవరూ కొట్టరా అని అడిగింది.

బావ రెండు చెంచాలు తాగాడు. ఉప్పు తక్కువైందే అన్నాడు. ఇన్ని నెలల తర్వాత పెళ్ళాంతో నేరుగా ఆయనన్న మొదటి మాట అది. అక్క నవ్వింది, అలాగే ఏడ్చింది. గుమ్మంలో కూచుని మింగినన్నాళ్ళూ ఉప్పు గుర్తురాలేదా నీకు అంది. అప్పుడు అడుగుదామంటే పిల్లి కూడా మాట్లాడ్డం మానేసింది కదా అన్నాడు. ఆ తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో నేను రాయను. అక్క కూడా రాయమనలేదు.

అప్పట్నించి పోయేదాకా గోడలోని పడకలో అక్క పక్కనే ఉన్నాడు. రక్తం ఉమ్మితే తన చేత్తోనే తుడిచింది. పోయేముందు రోజు, మామయ్యకి మంచి మనసొచ్చింది, నేను ఆయన మీద కోపంతో పోవట్లేదని రాయించు అన్నాడు. రాయించాను, అంటోంది అక్క.

ఇక్కడ మాకు ఇంకేం లేదు. పడవ అమ్మేశాం. రేపు పొద్దున ఓడలో అక్కా పాపా ఎమ్డెన్ వచ్చేస్తున్నారు. మీ సంఘంలో లేచి నిలబడి, ఇంత కట్టు పాటించిన తనని దేవుడు మీ నోటి ద్వారా ఎలా కరుణించాడో అందరికీ చెప్పాలని అక్క కోరిక. ఈ ఉత్తరం అక్క చేతులతోనే మీకిస్తుంది. పెద్దవారు మీరు, వాళ్ళని చూసుకోండి.

మీ పాదాలకి దణ్ణం పెడుతూ,
మీ మేనల్లుడు
వీబె.

మరొక ముక్క: మామయ్యా, ఇక్కణ్ణుంచి అక్క వినడం లేదు. చివరిసారిగా బావ దగ్గరికి పోయొస్తానని పాపని తీసుకుని కట్ట మీదికి వెళ్ళింది. అది వచ్చేలోగా రాసి, మడిచి, లక్క వేసేస్తాను.

నువ్వు మోకాళ్ళ మీద లేవు. నువ్వుంటున్న అద్దకపువాళ్ళ మేడ మీద బల్ల ముందు కూచుని వేయించిన చేప తింటున్నావు. ముళ్ళు ఒక్కొక్కటే తీసి గిన్నె అంచుకి పెడుతున్నావు. పశ్చాత్తాపపడ్డాడా అన్నావు. లేదన్నాను. అయితే ఎందుకొచ్చావన్నావు. మనిషి పోతున్నాడు మామయ్యా అన్నాను. శరీరమే కదా అన్నావు. నీకోసం వేళ్ళెత్తాడు అన్నాను. నేనడిగానా అన్నావు.

నేనడిగానా అన్నావు. ఆ మాట దగ్గర నాకు నీ గొంతు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే పక్కనున్న అద్దకపువాళ్ళు నన్ను కిందికి విసిరేసేవాళ్ళు. మరి హిస్కె గట్టిగా ఉందా అని అడిగావు. ఉందన్నాను. దేవుడికి స్తోత్రం అని ఇంకో ముల్లు తీశావు. నేను మెట్లు దిగుతుంటే వెనకనించి పిలిచావు. మనసు మారిందేమో అని ఆశగా తిరిగి చూశాను. నా నల్ల టోపీ యెల్లె పడవలో ఉండిపోయింది, దొరికితే పంపించు అన్నావు.

దారంతా అక్కకి నిజమే చెప్దామనుకున్నాను. ఇంటి గుమ్మంలో పీపా మీద బావ గిన్నె కనిపించింది. గంజి తొరక కట్టి ఉంది, ఈగలు ముసిరాయి. ఆయన పాకలోంచి అక్కడిదాకా పాక్కుంటూ కూడా రాలేకపోతున్నాడు. లోపల ఆయన పెళ్ళాం ఇంకో పూటకి వండుతోంది, ఇంకోసారి గుమ్మంలో పెట్టడానికి. అందుకని నువ్వు వెలి ఎత్తేశావని చెప్పేశాను. అంత సులువుగా నమ్ముతుందనుకోలేదు. ఊళ్ళో ఇంకెవరైనా అయితే తల మీద చెయ్యి పెట్టి చెప్పమనేవాళ్ళు. మీవాళ్ళు అడగరు. అడగడం పాపమని నేర్పావు. మామయ్యే అన్నాడా అంది, ఆయనే అన్నాడన్నాను, ఆ ఒక్క మాటకే పెళ్ళినాటి గుడ్డ పరిచేసింది. ఆ గుడ్డ పరుస్తున్నప్పుడు దాని చేతులు చూశాక నేనిక వెనక్కి తీసుకోలేకపోయాను.

బావకి తెలుసు. రెండో రోజు అక్క నీళ్ళకి వెళ్తే నన్ను దగ్గరికి పిలిచి, మీ మామయ్య అంత చక్కగా మాట్లాడడురా, ఆయన మాటలు నువ్వు బాగా దిద్దావు అన్నాడు. నీ మీద కోపం లేదని రాయించమన్నాడు చూడు, అది నీకోసం కాదు. అక్కకి అనుమానం రాకుండా అన్నాడు.

ఇప్పుడు విను. అక్క ఓడ దిగి నేరుగా నీ దగ్గరికే వస్తుంది. ఈ ఉత్తరం నీ చేతికిస్తుంది. నువ్వు చదువుతున్నంతసేపూ ఎదురుగా నిలబడి నీ మొహమే చూస్తూ ఉంటుంది, కనక ఈ పాటికి చూస్తూనే ఉంటుంది. మొహం జాగ్రత్త.

అదే ఓడలో తాళ్ళు పేనే సీమెన్ కూడా వస్తున్నాడు. హిస్కె తెల్ల టోపీ పెట్టుకుని మొగుడి చెయ్యి పట్టుకోవడం కిటికీలోంచి చూశాడట. వెలి ఎవరు ఎత్తారని రేవులో నన్ను నిలదీశాడు. గెర్లొఫ్ గారే ఎత్తారు, సంఘం ముందు ఆయన్నే అడుక్కో అన్నాను. అడుగుతాడు. వాడి సంగతి నీకు తెలుసు, నీ దగ్గర తయారైనవాడేగా.

ఔను, నేనే ఎత్తాను అన్నావనుకో, ఒక మనిషిని కాపాడ్డానికి నలుగురి ముందు అబద్ధమాడినవాడివవుతావు. దానికి మీ దగ్గర ఏం చేస్తారో నాకంటే నీకే బాగా తెలుసు. కాదన్నావనుకో, వెలిపడ్డవాడితో ఒకే గిన్నెలో తిని, ఒకే పడకలో పడుకున్న మీ అక్క కూతుర్ని నీ నోటితోనే వెలెయ్యాలి. కొత్త ఊళ్ళో, ఒక్క మనిషి తెలీని చోట, బిడ్డని పక్కన పెట్టుకుని అది ఆ మాట వినాలి. మొగుడు పోయేముందు తను చేసిన ఒకే ఒక్క మంచిపని పాపమని కూడా అప్పుడే వినాలి. అప్పుడు నేను దానికి చేసింది మేలో కీడో నాకు తెలీదు. ఆలోచిస్తే చెయ్యి ఆడదు కనక ఆలోచించట్లేదు.

నన్ను వెలెయ్యలేవు. నేను నీ చేత బాప్తిస్మం తీసుకోలేదు. ధాన్యం ఓడ మీద తెరచాపలెత్తే పనికి కుదిరాను, వాళ్ళ ఓడ కనుమరుగవగానే మాది డాంజిగ్ వైపు పోతుంది. ఆ తర్వాత ఎటో నాకే తెలీదు.

వాళ్ళు దిగేసరికి మధ్యాహ్నమవుతుంది. ఓడలో వాంతులవుతాయని అక్క ఏమీ తినదు, పాపకీ పెట్టదు. ఆకలితో వస్తారు. ఏదో ఒకటి పెట్టు. నీ బల్ల దగ్గర కూచోబెట్టి పెడతావో, గుమ్మం అవతల పెడతావో, నీ ఇష్టం.